ఇంజన్ ప్రైమింగ్: తొలి స్టార్ట్‌కు ముందు ఆయిల్ ఎక్కించడం

కొత్తగా బిగించిన ఇంజన్‌ను, పూర్తిగా విప్పి బాగుచేసిన ఇంజన్‌ను, నెలల తరబడి కదలకుండా పడి ఉన్న ఇంజన్‌ను మొదటిసారి స్టార్ట్ చేసే ముందు దాని లోపలి ఆయిల్ దారులన్నిటినీ ఒత్తిడితో నింపి, బేరింగులను తడపడాన్ని ఇంజన్ ప్రైమింగ్ అంటారు. మెకానిక్ షెడ్లలో దీన్నే ‘ఆయిల్ ఎక్కించడం’ అంటారు. చిన్న కారు ఇంజన్‌కు ఇది కొద్ది నిమిషాల పని. వంద టన్నుల డంపరు ఇంజన్‌కైతే విడిగా పంపు, శుభ్రమైన ఆయిల్ ట్యాంకు, ప్రెషర్ గేజీ, ఒకరిద్దరు ఫిట్టర్లు కావాలి. పరిమాణం ఎంత మారినా అసలు ప్రశ్న ఒక్కటే: షాఫ్టు తిరగడం మొదలయ్యే క్షణానికి ఆయిల్ చిట్టచివరి బేరింగు దాకా చేరిందా, లేదా?

తెలంగాణలో బొగ్గు గనులున్న రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో ఈ పని రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి, సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల భారీ యంత్రాల వర్క్‌షాపులు. రెండోది, రాజీవ్ రహదారి వెంట కార్లు, జీపులు, టిప్పర్లకు ఇంజన్ పని చేసే ప్రైవేటు షెడ్లు.

ఎందుకు అవసరం

ఇంజన్ ఆగాక ఆయిల్ మెల్లగా కిందికి జారి సంప్‌లోకి, అంటే మెకానిక్కులు ‘ఛాంబర్’ అని పిలిచే అడుగు తొట్టిలోకి చేరుతుంది. రోజూ నడిచే బండిలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. బేరింగుల మీద పలుచని పొర మిగిలే ఉంటుంది. పంపులో, ఫిల్టరులో ఆయిల్ నిలిచి ఉంటుంది. సెల్ఫ్ కొట్టిన కొద్ది సెకన్లలోనే ఒత్తిడి లేస్తుంది.

కొత్తగా బిగించిన ఇంజన్ పరిస్థితి అది కాదు. బోర్ చేయించి, క్రాంక్ గ్రైండింగ్ అయ్యాక బ్లాకును కడిగి, దారులన్నిటిలో గాలి కొట్టి ఆరబెడతారు. బిగించేటప్పుడు ఫిట్టరు చేత్తో రాసిన ఆయిల్ తప్ప లోపల ఇంకేమీ ఉండదు. పంపు, కూలరు, ఫిల్టరు, మెయిన్ గ్యాలరీ అన్నీ ఖాళీయే. పైగా పళ్ల చక్రాలతో పనిచేసే పంపు పొడిగా ఉన్నప్పుడు ఆయిల్‌ను లాగలేదు. చక్రాలకు, గూటికి మధ్యనున్న సన్నని సందులను మూసి ఉంచేది ఆయిలే. అది లేకపోతే పంపు గాలిని తిప్పుతూ కూర్చుంటుంది. ఛాంబర్ నిండా ఆయిల్ పోసినా అంగుళం కూడా పైకి ఎక్కని ఇంజన్లు ఈ కారణంగానే కనిపిస్తుంటాయి.

ఆయిల్ అందని ఆ కాసేపట్లో లోహం లోహాన్ని రాసుకుంటుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న క్రాంక్ జర్నల్ సెల్ఫ్ మీద నిమిషానికి 200 చుట్లు తిరిగితే, దాని ఉపరితలం షెల్ బేరింగు మీద సెకనుకు అర మీటరు వేగంతో జారుతుంది. ఇంజన్ అందుకొని 800 చుట్ల దగ్గర ఐడ్లింగ్‌లో నిలిస్తే ఆ వేగం రెండు మీటర్లు దాటుతుంది. షెల్ పైపూతగా వాడే మెత్తని లోహం ఆ వేడికి చెరిగిపోతుంది. తొలి నిమిషంలో పడిన గీతలు అప్పుడే బయటపడవు. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఆయిల్ ప్రెషర్ తగ్గిపోవడంగానో, అడుగు నుంచి వచ్చే టకటక శబ్దంగానో తేలుతాయి. అప్పటికి తప్పు ఆయిల్ కంపెనీదని ఒకరు, బేరింగుల నాణ్యతదని మరొకరు అనుకుంటారు.

సూత్రం

బేరింగులో షాఫ్టు లోహం మీద కూర్చొని తిరగదు, ఆయిల్ మీద తేలుతూ తిరుగుతుంది. ఈ సంగతిని ప్రయోగంతో బయటపెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన ఇంజినీరు బోషాంప్ టవర్. 1883లో అక్కడి మెకానికల్ ఇంజినీర్ల సంస్థ కోసం రైలు ఇరుసుల బేరింగులను పరీక్షిస్తూ, ఆయిల్ పోయడానికని బేరింగు నెత్తిన రంధ్రం చేశాడు. ఇరుసు తిరుగుతుంటే ఆయిల్ లోపలికి దిగాల్సింది పోయి ఆ రంధ్రం గుండా పైకి ఎగదన్నింది. బిరడా కొట్టినా నిలవలేదు, లోపలి ఒత్తిడి దాన్ని బయటికి నెట్టేసింది. గేజీ పెట్టి చూస్తే, బేరింగు మీద మోపిన సగటు బరువు కలిగించే ఒత్తిడి కన్నా అక్కడి ఆయిల్ ఒత్తిడే ఎక్కువని తేలింది. దీనికి గణిత వివరణ ఇచ్చినవాడు ఆస్బోర్న్ రేనాల్డ్స్. 1886లో అచ్చయిన ఆయన సమీకరణమే నేటికీ బేరింగు డిజైన్లకు పునాది. తిరిగే షాఫ్టు తనతో పాటు ఆయిల్‌ను ఇరుకు సందులోకి లాక్కుపోతుంది. ముందుకు పోయేకొద్దీ సందు ఇరుకవుతుంది కాబట్టి ఒత్తిడి పుట్టి షాఫ్టును పైకి లేపుతుంది.

దీన్నిబట్టి రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, షాఫ్టును లేపే ఒత్తిడిని పంపు పుట్టించదు, తిరుగుడే పుట్టిస్తుంది. పంపు పని ఆ సందుకు ఎడతెగకుండా ఆయిల్ అందించడం. రెండోది, వేగం చాలినంత లేనప్పుడు, అంటే సెల్ఫ్ కొట్టే తొలి క్షణాల్లో, తేలడానికి కావలసిన ఒత్తిడి పూర్తిగా పుట్టదు. ఆ వ్యవధిలో లోహాన్ని కాపాడేది ఉపరితలానికి అంటుకొని ఉన్న పొర, ఆయిల్‌లోని జింక్, ఫాస్ఫరస్ రసాయనాలు మాత్రమే. సందులో ఆయిల్ ముందే నిండి ఉంటే ఈ గడ్డు దశ ఒకటి రెండు చుట్లలో ముగుస్తుంది. సందు ఖాళీగా ఉంటే ఆయిల్ వచ్చి చేరేదాకా సాగుతుంది. ప్రైమింగ్ వల్ల కలిగే మేలంతా ఈ తేడాలోనే ఉంది.

ఆయిల్ నడిచే దారి

ఆయిల్ ఏ దారిన పోతుందో తెలియకుండా ప్రైమింగ్ చేస్తే సగం పనే అవుతుంది. ఛాంబర్ అడుగున ఉండే జల్లెడ నుంచి పైపు గుండా పంపుకు, అక్కడి నుంచి ఒత్తిడి హద్దు మీరకుండా చూసే రిలీఫ్ వాల్వును దాటి, కూలరు ఉంటే దానిలోకి, ఆపై ఫిల్టరుకు వెళుతుంది. ఫిల్టరు నుంచి బ్లాకు పొడవునా ఉండే మెయిన్ గ్యాలరీలో పడుతుంది. గ్యాలరీ నుంచి ఒక్కో మెయిన్ బేరింగుకు ఒక్కో కొమ్మ చీలుతుంది. మెయిన్ బేరింగుల నుంచి క్రాంక్‌లోనే తొలిచిన ఏటవాలు రంధ్రాల గుండా కనెక్టింగ్ రాడ్ బేరింగులకు చేరుతుంది. మరో దారి పైకి, క్యామ్‌షాఫ్టుకు, రాకర్లకు పోతుంది. టర్బో ఉంటే దానికి వేరే పైపు ఉంటుంది. చాలా డీజిల్ ఇంజన్లలో పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు కూడా ఉంటాయి.

ఇక్కడ తెలియనివారు పొరబడే సంగతి ఒకటుంది. కనెక్టింగ్ రాడ్ బేరింగుకు గ్యాలరీతో నేరుగా సంబంధం లేదు. మెయిన్ బేరింగు షెల్లులోని గాడికి ఎదురుగా క్రాంక్ రంధ్రం వచ్చినప్పుడే దానికి ఆయిల్ అందుతుంది. చాలా ఇంజన్లలో ఆ గాడి పై షెల్లులో మాత్రమే ఉంటుంది. అందువల్ల క్రాంక్ కదలకుండా ఉంటే, ఎంత సేపు ఒత్తిడి పెట్టినా కొన్ని రాడ్ బేరింగులు పొడిగానే మిగులుతాయి. కొన్ని నమూనాల్లో రాకర్లకు పోయే ఆయిల్ కూడా క్యామ్‌షాఫ్టు రంధ్రాలు ఎదురెదురైనప్పుడే పైకి పోతుంది. అనుభవమున్న ఫిట్టరు ఒత్తిడి పెట్టి ఉంచి, ముందు పుల్లీ బోల్టుకు పానా తగిలించి క్రాంక్‌ను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ఒక్కో స్థానంలో కాసేపు ఆగేది ఇందుకే. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్యామ్‌షాఫ్టు ఒక్క చుట్టు పూర్తికావాలంటే క్రాంక్ రెండు చుట్లు తిరగాలి కనుక, కనీసం రెండు చుట్లయినా ఇలా తిప్పితే అన్ని రంధ్రాలకూ వంతు వస్తుంది.

బొగ్గు ప్రాంతపు నేపథ్యం

గోదావరి లోయలో బొగ్గును భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర గుర్తించాడు. ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో తవ్వకం హక్కులు పొందింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. నేడు దీనిలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. గోదావరిఖనిలో గనులు 1960ల తొలినాళ్లలో తెరుచుకున్నాయి. అప్పటి గనులు భూగర్భ ఇంక్లైన్లు, అంటే ఏటవాలుగా లోపలికి దిగే గనులు. ‘యైటింక్లైన్ కాలనీ’ లాంటి ఊరి పేర్లు ఆ గనుల నంబర్ల నుంచే పుట్టాయి. ఓపెన్‌కాస్ట్ పద్ధతి 1970ల నుంచి ఊపందుకుంది. 2023-24లో కంపెనీ తీసిన దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్ట్ గనులదే.

ఓపెన్‌కాస్ట్ వచ్చాక డీజిల్ ఇంజన్ ఉత్పత్తికి ఆయువుపట్టయింది. బొగ్గు పొరను చేరాలంటే దాని మీదనున్న రాయినీ మట్టినీ, గని భాషలో ‘ఓబీ’ని, ముందు తొలగించాలి. అందుకు షవెళ్లు, డోజర్లు, డ్రిల్లు యంత్రాలు, 35, 60, 100 టన్నుల డంపర్లు మూడు షిఫ్టుల్లో తిరుగుతాయి. ఓబీ పనిలో పెద్ద భాగం చేసే కాంట్రాక్టర్లకు సొంత టిప్పర్ల దండు ఉంటుంది. ఇన్ని ఇంజన్లు తిరిగే చోట ఏదో ఒకటి ఎప్పుడూ ఓవర్‌హాలింగ్‌లో ఉంటుంది. ఒక ఇంజన్ విప్పితే దాని స్థానంలో బాగుచేసి సిద్ధంగా ఉంచిన మరో ఇంజన్‌ను ఎక్కించి, డంపరును మళ్లీ పనిలోకి పంపడం గనుల్లో మామూలు పద్ధతి. బాగుచేసిన ఇంజన్ తన వంతు వచ్చేదాకా వారాలు, నెలలు వర్క్‌షాపులోనే ఉండిపోవచ్చు. బిగించినప్పుడు రాసిన ఆయిల్ ఆలోగా జారిపోతుంది. అందుకే బిగించిన రోజున ప్రైమింగ్ చేశారా అన్నదాని కంటే, స్టార్ట్ చేసే రోజున చేశారా అన్నదే ముఖ్యం.

వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. చలి దేశాల్లో ఆయిల్ గడ్డకట్టినట్టు చిక్కబడి ఆలస్యంగా పైకి ఎక్కడం పెద్ద సమస్య. రామగుండంలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. డీజిల్ ఇంజన్లలో ఎక్కువగా వాడే 15డబ్ల్యూ-40 ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర సుమారు 110 సెంటీస్టోక్సు, 100 డిగ్రీల దగ్గర 14 నుంచి 15. అంటే ఇక్కడ వేసవి మధ్యాహ్నం ఆయిల్ తేలిగ్గానే పారుతుంది, అంతే తేలిగ్గా బేరింగుల మీది నుంచి జారిపోతుంది కూడా. వానాకాలంలో గని అడుగున నీరు చేరి ఓపెన్‌కాస్ట్ పని మందగిస్తుంది, కొన్ని యంత్రాలు నిలిచిపోతాయి. కాబట్టి ఈ ప్రాంతంలో ప్రైమింగ్ అవసరాన్ని తెచ్చిపెట్టేవి ఓవర్‌హాలింగ్, దీర్ఘకాలపు నిలుపుదల. చలి పాత్ర దాదాపు లేదు.

భారీ డీజిల్ ఇంజన్ల పద్ధతి

భారతదేశపు ఓపెన్‌కాస్ట్ గనుల్లో కమిన్స్ ఇంజన్లు చిరపరిచితాలు. 1962లో పుణే కేంద్రంగా మొదలైన కిర్లోస్కర్ కమిన్స్ కంపెనీ, 1964లో బెంగళూరులో ఏర్పడిన బీఈఎంఎల్ సంస్థ దేశీయ గనుల యంత్రాలకు చాలాకాలంగా ఇంజన్లు, చాసిస్‌లు అందించాయి. పెద్ద డంపర్లలో కనిపించే కేటీఏ-38 ఇంజన్‌కు 12 సిలిండర్లు, 38 లీటర్ల సామర్థ్యం. దాని ఆయిల్ వంద లీటర్లకు పైబడి ఉంటుంది. మారుతి 800కు సరిపోయే ఆయిల్ సుమారు మూడు లీటర్లు. ఖాళీ దారులను సొంత పంపుతో నింపుకునేదాకా అంత పెద్ద ఇంజన్‌ను పొడిగా తిప్పడం ఎంత ఖరీదైన పొరపాటో ఈ తేడాను బట్టే ఊహించవచ్చు.

ఈ తరగతి ఇంజన్లకు తయారీదారులు చెప్పే క్రమం ఇలా ఉంటుంది. ముందు ఛాంబర్‌లో కనిష్ఠ గుర్తు దాకా ఆయిల్ పోస్తారు. ఫిల్టరు తలకాయ దగ్గరో, గ్యాలరీ మీదో ఉండే ప్లగ్గు విప్పి, అక్కడ చేతి పంపు గానీ మోటారు పంపు గానీ ఉన్న గొట్టం బిగిస్తారు. పరిశుభ్రమైన ఆయిల్‌ను సుమారు 30 పీఎస్ఐ, అంటే రెండు బార్ల ఒత్తిడి గేజీలో కనిపించేదాకా ఎక్కిస్తారు. ఆపై ఇంధనం మూసి, బయటి పంపు కనీసం 15 పీఎస్ఐ ఒత్తిడిని నిలిపి ఉంచుతుండగా, సెల్ఫ్‌తో ఇంజన్‌ను పదిహేను సెకన్ల పాటు తిప్పుతారు. ఇంజన్ అందుకోదు, తిరుగుతుందంతే. ఈ తిరుగుడుతోనే రాడ్ బేరింగుల రంధ్రాలు తెరుచుకొని ఆయిల్ తీసుకుంటాయి. తర్వాత గొట్టం తీసి, ప్లగ్గు బిగించి, ఆయిల్‌ను గరిష్ఠ గుర్తు దాకా సరిచేస్తారు. రాకర్ మూతలు విప్పి, వాల్వుల మీద, ట్యాపెట్ల మీద చేత్తో ఆయిల్ పోయడం కూడా ఈ పనిలో భాగమే.

లెవెల్ సరిచూడటం ఇక్కడ మొక్కుబడి పని అనుకోరాదు. బయటి నుంచి ఎక్కించిన ఆయిల్ కొంత దారుల్లో నిలుస్తుంది, మిగిలింది ఛాంబర్‌లోకి దిగుతుంది. ఎక్కువైతే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ పంపులోకి పోతే ఒత్తిడి పడిపోతుంది. సొంత పంపుతోనే ఎక్కించిన ఇంజన్‌లోనైతే కూలరు, ఫిల్టరు నిండేసరికి ఛాంబర్ లెవెల్ గుర్తు కిందికి పోతుంది. రెండు సందర్భాల్లోనూ ముందు చూసిన డిప్‌స్టిక్ కొలత చెల్లదు, మళ్లీ చూడాల్సిందే.

టర్బో సంగతి

ప్రైమింగ్ మానేసినందుకు అన్నిటికన్నా ముందు దెబ్బతినేది టర్బోఛార్జరు. దాని షాఫ్టు చిన్నది, వేగం మాత్రం విపరీతం. కార్ల టర్బోలు నిమిషానికి లక్ష చుట్లు దాటుతాయి. పెద్ద డీజిళ్ల టర్బోల వేగమూ పదుల వేలల్లోనే ఉంటుంది. షాఫ్టును మోసే బుష్‌లు రెండు వైపులా ఆయిల్ పొరల మీద తేలుతూ ఉంటాయి. ఆయిల్ దారిలో టర్బో చివరన ఉండటంతో దానికి ఆయిల్ అందేది కూడా ఆలస్యంగానే. అందుకే దాని సరఫరా పైపు విప్పి, ఆయిల్ క్యానుతో 50 నుంచి 60 మిల్లీలీటర్ల శుభ్రమైన ఆయిల్ పోసి, వేళ్లతో చక్రాన్ని కొద్దిసార్లు తిప్పి, పైపు మళ్లీ బిగిస్తారు. కొత్త టర్బో వేసిన ప్రతిసారీ, ఇంజన్ ముట్టుకోకపోయినా, ఈ పని తప్పదు. ‘నిన్ననే కొత్త టర్బో వేశాం, ఇవాళ పోయింది’ అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఈ గుక్కెడు ఆయిలే.

కారు ఇంజన్లు: నాలుగు దారులు

కార్ల విషయంలో ప్రైమింగ్ పద్ధతిని నిర్ణయించేది ఆయిల్ పంపును ఏది తిప్పుతుందన్నది.

మొదటి దారి డిస్ట్రిబ్యూటర్ కింద పంపు ఉన్న పాత అమెరికన్ ఇంజన్లది, వాటిలో పని సులువు. డిస్ట్రిబ్యూటర్ ఊడదీసి, ఆ రంధ్రంలో పొడవాటి కడ్డీ దించి, పైన డ్రిల్లింగ్ మిషన్ తగిలించి పంపును తిప్పుతారు. గాలి తోడినంతసేపు డ్రిల్లు తేలిగ్గా తిరుగుతుంది, ఆయిల్ పట్టగానే బరువెక్కుతుంది. చేతికి తెలిసే ఆ మార్పే మొదటి సంకేతం. ఏ వైపు తిప్పాలో ఇంజన్‌ను బట్టి మారుతుంది, తప్పు వైపు తిప్పితే ఆయిల్ రాదు.

మన రోడ్ల మీది చిన్న కార్లలో ఈ వీలు లేదు. 1983 నుంచి 2014 దాకా తయారైన మారుతి 800 మొదలు నేటి చాలా పెట్రోలు కార్ల దాకా పంపు క్రాంక్ ముక్కు మీదనే కూర్చుంటుంది. క్రాంక్ తిరిగితేనే అదీ తిరుగుతుంది. వీటికి వాడే రెండో దారి బయటి ఒత్తిడి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ మరలో గొట్టం బిగించి, గాలి ఒత్తిడితో పనిచేసే చిన్న ట్యాంకు నుంచి ఆయిల్ పంపిస్తారు. క్రాంక్‌ను చేత్తో తిప్పుతూ రాకర్ మూత తీసి చూస్తారు.

మూడోది షెడ్లలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది. స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపి సెల్ఫ్ కొట్టడం. ప్లగ్గులు లేనప్పుడు సిలిండర్లలో ఒత్తిడి ఉండదు కనుక బేరింగుల మీద బరువు తగ్గుతుంది, క్రాంక్ వేగంగా తిరుగుతుంది, బ్యాటరీ కూడా నిలుస్తుంది. పది పదిహేను సెకన్లకు మించకుండా కొట్టి, సెల్ఫ్ మోటారు చల్లారనిచ్చి మళ్లీ కొట్టాలి. ఇంజెక్షన్ కార్లలో ఇంధనం ఆపకుండా ఈ పని చేస్తే పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. మండని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని పాడుచేస్తుంది. ఫ్యూయల్ పంపు ఫ్యూజు, ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్లు ముందే తీసేయడం అందుకే.

నాలుగోది పంపును బిగించేటప్పుడే తడిపి పెట్టడం. ఇది మిగతావాటికి తోడే గానీ ప్రత్యామ్నాయం కాదు. పళ్ల చక్రాల మధ్య ఆయిల్ గానీ వాజలీన్ గానీ నింపితే పంపు మొదటి చుట్టులోనే ఆయిల్ లాగడం మొదలుపెడుతుంది. వాజలీన్ వేడికి కరిగి ఆయిల్‌లో కలిసిపోతుంది. చక్రాల గ్రీజు అలా కలవదు. ముద్దలుగా వెళ్లి ఫిల్టరులోనో, సన్నని రంధ్రంలోనో ఇరుక్కుంటుంది. వాజలీన్ దొరకలేదని బేరింగు గ్రీజు నింపడం చిన్న విషయంగా కనిపించినా పెద్ద ఖర్చు తెచ్చిపెడుతుంది.

ధూళి: ఈ ప్రాంతపు ప్రత్యేక సమస్య

గోదావరిఖనిలో ప్రైమింగ్ గురించి ఎవరైనా మొదట చెప్పవలసింది శుభ్రత గురించే. చూడటానికి నల్లగా కనిపించే బొగ్గు పొడి కన్నా, కంటికి ఆనని ఇసుకరాయి ధూళి ఇంజన్‌కు ఎక్కువ చేటు. ఇక్కడి బొగ్గు పొరల మీదనున్నది గోండ్వానా కాలపు ఇసుకరాయి. పేలుళ్లలో, డంపర్ల చక్రాల కింద అది నలిగి లేచే ధూళిలో క్వార్ట్జ్ నిండుగా ఉంటుంది. క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలతలో 7. బేరింగు షెల్ల మెత్తని పూత దాని ముందు ఆగదు. క్రాంక్ జర్నల్ మీద కూడా గీతలు పడతాయి. నడిచే బేరింగులో ఆయిల్ పొర అత్యంత ఇరుకైన చోట కొద్ది మైక్రాన్లే ఉంటుంది. వెంట్రుక మందంలో పదోవంతు రేణువు కూడా దానికి పెద్దదే.

ప్రైమింగ్‌లో ఇది మరీ సున్నితం కావడానికి కారణముంది. మామూలుగా ఛాంబర్‌లోకి పోసిన ఆయిల్ ఫిల్టరు దాటాకే బేరింగులకు చేరుతుంది. గ్యాలరీ ప్లగ్గు ద్వారా ఎక్కించే ఆయిల్ ఫిల్టరును తప్పించుకొని నేరుగా బేరింగుల్లోకి పోతుంది. మూత లేని డబ్బా, దుమ్ము పట్టిన గరాటు, నిన్న డీజిల్ తోడిన గొట్టం, వీటిలో ఏది వాడినా రక్షణ కోసం చేసిన పనే హాని చేస్తుంది. అందుకే ప్రైమింగ్ ట్యాంకుకు సొంత ఫిల్టరు ఉండాలి. గొట్టాల చివరలకు మూతలు ఉండాలి. ప్లగ్గు విప్పే ముందు దాని చుట్టూ తుడవాలి. వాడిన ఆయిల్‌ను ‘ఒక్కసారికే కదా’ అని ప్రైమింగ్‌కు వాడరాదు.

ఫిల్టరును ముందే నింపి బిగించడం మీద తయారీదారుల మధ్య ఏకాభిప్రాయం లేదు. కొందరు నింపమంటారు, ఆయిల్ త్వరగా పైకి వస్తుందని. మరికొందరు వద్దంటారు, మధ్య రంధ్రంలో పోసిన ఆయిల్ వడకట్టకుండానే గ్యాలరీకి పోతుందని. నింపే పక్షంలో చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల గుండా, అంటే మురికి వైపు నుంచే పోస్తే రెండు వాదనలకూ సమాధానం దొరుకుతుంది.

చేరిందని ఎలా తెలుస్తుంది

ప్రైమింగ్ పూర్తయిందనడానికి మూడు గుర్తులున్నాయి. మెకానికల్ గేజీలో ఒత్తిడి నిలకడగా కనిపించడం, రాకర్ల దగ్గర ప్రతి వాల్వు మీదా ఆయిల్ ఊరడం, టర్బో ఉంటే దాని తిరుగు పైపు నుంచి ఆయిల్ రావడం. డ్యాష్‌బోర్డు మీది ఎర్ర దీపం ఆరడం వీటికి సాటి రాదు. సగటు కారు స్విచ్ అర బార్ లోపు ఒత్తిడికే దీపాన్ని ఆర్పేస్తుంది. ఆ ఒత్తిడి గ్యాలరీ మొదట్లో ఉంటే చాలు, చివరి రాకరు పొడిగా ఉన్నా దీపం ఆరుతుంది.

తర్వాత మొదటి స్టార్ట్. ఇంజన్ అందుకున్నాక పదిహేను సెకన్లలోపు గేజీ లేవకపోతే వెంటనే ఆపి కారణం వెతకాలి. రేస్ ఇచ్చి చూద్దామనుకోవడం బేరింగులను చేజేతులా పోగొట్టుకోవడమే. ఒత్తిడి సరిగా ఉంటే లీకులు చూసి, ఆపి, లెవెల్ సరిచూసి, మళ్లీ నడపాలి. బల్లపరుపు ట్యాపెట్లున్న పాత ఇంజన్లలో కొత్త క్యామ్‌షాఫ్టు వేస్తే మొదటి ఇరవై నిమిషాలు ఐడ్లింగ్‌లో వదలకుండా 2000 చుట్ల పైన నడపడం ఆనవాయితీ. క్యామ్ మీదికి ఆయిల్‌ను చిమ్మేది క్రాంక్ తిరుగుడే కనుక వేగం తగ్గితే దానికి ఆయిల్ చాలదు. రోలర్ ట్యాపెట్లున్న నేటి ఇంజన్లకు ఈ నియమం అక్కర్లేదు. తొలి ఆయిల్‌ను త్వరగా మార్చి, పాత ఫిల్టరును కోసి మడతల్లో లోహపు మెరుపులున్నాయేమో చూస్తే, బిగింపు ఎలా కుదిరిందో తెలిసిపోతుంది.

యంత్రంలోనే ఇమిడిన ప్రైమింగ్

పెద్ద యంత్రాల్లో ఈ పనిని మనిషి జ్ఞాపకానికి వదిలేయరు. గనుల డంపర్ల ఇంజన్లకు ప్రీలబ్ స్టార్టర్లు దొరుకుతాయి. తాళం తిప్పగానే ముందు చిన్న పంపు గ్యాలరీలో ఒత్తిడి నింపుతుంది, ఆ తర్వాతే సెల్ఫ్ పళ్లు పడతాయి. భారతీయ రైల్వేల డబ్ల్యూడీజీ-4 డీజిల్ లోకోల్లో టర్బో కోసం విడిగా విద్యుత్ పంపు ఉంది. అది స్టార్ట్‌కు ముందు ఆయిల్ అందించడమే గాక, ఇంజన్ ఆగాక కూడా కాసేపు నడిచి టర్బో బేరింగును చల్లబరుస్తుంది.

రామగుండంలోనే మరో ఉదాహరణ ఉంది. ఎన్టీపీసీ థర్మల్ కేంద్రం లాంటి చోట్ల నడిచే భారీ ఆవిరి టర్బైన్లు ఇదే సూత్రాన్ని పాటిస్తాయి. టన్నుల బరువున్న రోటరును కదిలించే ముందు జాకింగ్ ఆయిల్ పంపు వంద బార్లకు పైబడిన ఒత్తిడితో బేరింగు అడుగున ఆయిల్ పంపి రోటరును వెంట్రుకవాసి పైకి లేపుతుంది. అది లేచాకే మెల్లగా తిప్పడం మొదలుపెడతారు. కారులో తిరుగుడు మీద ఆధారపడే పనిని ఇక్కడ పంపే నేరుగా చేస్తుంది. కరెంటు పోయినా బేరింగులకు ఆయిల్ ఆగకుండా బ్యాటరీతో నడిచే అత్యవసర పంపు వేరే ఉంటుంది.

ఊళ్లలో పొలాల దగ్గర వాడిన చిన్న డీజిల్ ఇంజన్లకు ఇంత హంగు లేదు. అయినా డీకంప్రెషన్ లీవరు ఎత్తి, హ్యాండిల్‌తో కొన్ని చుట్లు తిప్పి, ఊపు అందుకున్నాక లీవరు వదలడంలో ఇదే మేలు కొంత దొరికేది. కంప్రెషన్ లేకుండా తిరిగిన ఆ చుట్లలో పంపు ఆయిల్ తోడుకునేది.

ఎప్పుడు చేయాలి, ఎప్పుడు అక్కర్లేదు

బేరింగులు మార్చినా, క్రాంక్ తీసినా, పంపు విప్పినా ప్రైమింగ్ తప్పనిసరి. కూలరు మార్చినప్పుడు, నెలల తరబడి ఆపిన బండిని తీసేటప్పుడు, ఛాంబర్ పూర్తిగా ఖాళీ చేసి చాలాకాలం వదిలినప్పుడు కూడా చేయడం మంచిది. కొత్త ఇంజన్‌ను బండిని నెట్టించో, మరో బండితో లాగించో స్టార్ట్ చేయరాదు. ఆయిల్ ఎక్కకముందే గేరు ద్వారా పూర్తి బరువు బేరింగుల మీద పడుతుంది. షోరూము నుంచి వచ్చిన కొత్త బండికి యజమాని ఏమీ చేయనక్కర్లేదు, ఆ పని ఫ్యాక్టరీలోనే అయిపోయి ఉంటుంది. రోజూ నడిచే కారుకు, మామూలు ఆయిల్ మార్పిడికి ప్రత్యేక ప్రైమింగ్ అవసరం లేదు. ఆయిల్ మార్చాక స్టార్ట్ చేసి, రేస్ ఇవ్వకుండా ఒత్తిడి లేచేదాకా ఆగితే సరిపోతుంది.